మూడోసారి వచ్చిన సమన్లు

ఒకే బాకీ మీద ఒకే మనిషిని మూడుసార్లు కోర్టుకీడ్చే ఫైనాన్స్ కంపెనీని మించిన ఆప్తులు ఈ లోకంలో లేరని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! మీ మేనమామ కొడుకు మిమ్మల్ని ఏడాదికి ఎన్నిసార్లు తలుచుకుంటాడు? మీతో చదువుకున్నవాడు మీ ఇంటి నంబరు చెప్పగలడా? మా కంపెనీ చెబుతుంది. ఇంటి నంబరే కాదు, మా నాన్నగారి పేరు, యానాంలో మా వీధి, దాని పిన్‌కోడు కూడా పొల్లుపోకుండా చెబుతుంది.

విషయం ఒక వాషింగ్ మెషీన్. పన్నెండేళ్ల కిందట వాయిదాల మీద కొన్నాను. అన్ని వాయిదాలూ కట్టాను. చివరి రెండు రసీదుల్ని మా ఆవిడ సుబ్బలక్ష్మి బీరువాలో చీరల మధ్య భద్రంగా దాచింది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి వాటి మీది అక్షరాలు ఎగిరిపోయి, ఉత్త తెల్ల కాగితాలు మిగిలాయి. మెషీన్ పాత ఇనుప సామాన్లవాడి పాలైంది. బాకీ మాత్రం దినదినాభివృద్ధి చెంది మూడు వేల ఆరు వందల నుంచి నలభై ఒక్క వేలకు చేరింది. నా జీతం ఏనాడైనా అలా పెరిగిందా?

పైగా నా పాత స్కూటర్ని కొనే నాథుడు లేడు గానీ, నా బాకీని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ ఎగబడి కొనుక్కుంది! మొదటి దావాలో నా వయసు నలభై నాలుగని రాశారు. రెండో దావాలోనూ నలభై నాలుగే. కిందటేడు వచ్చిన మూడో దావాలో కూడా అంతే. ఈ మధ్యలో నాకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి, జుట్టు ఊడింది.

"ఆ కంపెనీకైనా కుర్రోళ్లా కనపడుతున్నారు, సంతోషించండి," అంది మా ఆవిడ.

సమన్లు తెచ్చే కోర్టు అమీనా అప్పారావుగారితో మాకు చుట్టరికం ఒక్కటే తక్కువ. ఆయన కాఫీలో పంచదార వెయ్యకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. "మళ్లీ వచ్చేశానండి మాస్టారూ! ఆయ్, ఈసారి కంపెనీ పేరు మారిందండి, బాకీ మాత్రం అదేనండి," అంటూ ఎంతో మర్యాదగా కాగితం చేతిలో పెడతారు. కంపెనీ నుంచి దుర్గాశ్రీ అనే అమ్మాయి మధ్యాహ్నం పూట ఫోన్ చేసి, "భోంచేశారా సార్?" అని అడుగుతుంది. మా ఇంట్లో నన్నా మాట అడిగి చాలాకాలమైంది.

నేను బడిపంతుల్ని. పాతికేళ్లుగా రోజూ హాజరు పిలుస్తున్నాను. పలకనివాడికి ఆబ్సెంటు వేస్తున్నాను. అలాంటి నేను మొదటి దావా రోజున ఏం చేశానో తెలుసా?

కోర్టుకి ఎదురుగా చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. లోపల ఎవరి కంటైనా పడితే నా పరువేం కాను? అంతలో మా డ్రిల్లు మాస్టారు లూయిస్‌గారు ఎదురయ్యారు. బంధువుల కోసం చూస్తున్నానని చెప్పి, ఆయనకీ ఓ గ్లాసు ఇప్పించాను. సరిగ్గా అప్పుడే బంట్రోతు వరండాలోకి వచ్చి నా పేరు పిలిచాడు.

"తమర్నేనండి ప్రసాద్‌గారూ!" అన్నారు లూయిస్‌గారు.

"యానాంలో ప్రసాద్‌లు వీధికి నలుగురుంటారండి," అన్నాను.

మూడు పిలుపులూ అయిపోయేదాకా ఐసు ఎక్కువ వేశావంటూ బండివాడితో గొడవపడ్డాను. అదృష్టం, ఆ రోజు కంపెనీ తరఫునా ఎవరూ రాలేదు. దావా కొట్టేశారు. సాయంత్రం ఇంట్లో పాయసం చేయించాను.

ఏడాది తిరిగేసరికి అదే దావా మళ్లీ వేశారు. అప్పుడు నా పాత శిష్యురాలు, లాయరు ప్రసన్న దగ్గరికి పరుగెత్తాను.

"ఇద్దరూ రాకపోతే వాళ్లు మళ్లీ వేసుకోవచ్చు మాస్టారూ. వాళ్లు రానప్పుడు మీరొక్కరూ నిలబడి బాకీ లేనని చెప్పుంటే, పీడ అక్కడితో వదిలిపోయేది. పిలిస్తే పలకలేకపోయారా?" అంది.

నా క్లాసులో ఒక్కనాడూ ఆబ్సెంటు పడని పిల్ల.

రెండోసారి వెళ్లి పలికాను. కంపెనీవారు ఏడుసార్లు గడువు అడిగి, ఎనిమిదోసారి రావడం మానేశారు. దావా పోయింది. అయినా మూడోసారి వేశారంటే నా మీద ఎంత అభిమానం ఉండాలి! ఈసారి ప్రసన్న పాత ఉత్తర్వు నకలు తీయించింది. మూడేళ్ల కాలపరిమితి ఎప్పుడో దాటిపోయిందని కూడా జవాబులో రాసింది. "దుర్గాశ్రీ ఎంత తియ్యగా అడిగినా ఎక్కడా సంతకం పెట్టకండి. కడతానని రాసిచ్చారంటే చచ్చిన బాకీని మీరే లేపి కూర్చోబెట్టినట్టు," అని హెచ్చరించింది. ఓడితే జీతంలో కోత పడుతుంది. ఆ కాగితం తిన్నగా హెడ్మాస్టరు బల్ల మీదికొస్తుంది. వారం రోజులు అన్నం సయించలేదంటే నమ్మండి.

మొన్న గురువారం గెలిచాను. దావా చెల్లదన్నారు. నకళ్లు చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి, గుమ్మం దగ్గర కామాక్షమ్మ కనిపించింది. మెట్టకూరు నుంచి రోజూ మా వీధికి చేపలు తెచ్చి అమ్మే మనిషి. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. నేనూ గబుక్కున నకళ్లని సంచీలోకి తోసేసి, స్కూలు పని మీద వచ్చినవాడిలా నిలబడ్డాను.

"ఇలాగొచ్చావేంటి కామాక్షమ్మా?"

"ఏం లేదండి బాబూ. మా అక్క కూతురొత్తానందండి, సూత్తన్నాను."

బంట్రోతు బయటికొచ్చి, కంపెనీ పేరూ కామాక్షమ్మ పేరూ కలిపి పిలిచాడు. అది నా కంపెనీయే! ఆవిడ కొంగు సవరించుకుని, గోడకంటించిన నోటీసు చదవసాగింది. ఆవిడకి చదువు రాదని నాకు తెలుసు. తోటి మనిషి పరువు కాపాడాలి కదా! మూడు పిలుపులయ్యేదాకా ఏమీ విననట్టు రోడ్డు మీద ఆటోలు చూస్తూ ఉండిపోయాను.

ఆ రోజు కంపెనీ లాయరు లోపలే ఉన్నాడు. ఎదుటి మనిషి రాలేదు కాబట్టి ఆయన అడిగినట్టే డిక్రీ అయింది. నాలుగు నిమిషాలు పట్టిందేమో.

సంగతి తెలిసి ప్రసన్న బయటికొచ్చింది. కామాక్షమ్మ చేతిలోని ప్లాస్టిక్ కవరు విప్పి చూసింది. మిక్సీ తాలూకు రసీదులు, ఒక్కటీ తగ్గలేదు. అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి.

"అన్నీ కట్టేశావు కదమ్మా, మరి లోపలికెళ్లలేదేం?"

"మాస్టారుగారున్నారు కదండి," అంది కామాక్షమ్మ, నా వైపు చూడకుండా. "ఆరి ముందర కేసు మడిసినని ఎలాగెల్లనండి?"

'నాదీ అదే కంపెనీ, ఇది మూడోసారి' అని బంట్రోతు పిలిచినప్పుడే ఒక్క మాట అంటే చాలేది. అనలేదు. ఈ వయసులో నా మీద నాకే అసహ్యం వేసింది. డిక్రీ రద్దు చెయ్యమని ప్రసన్న పిటిషన్ వేస్తోంది, ఖర్చు నాది. ఎంత ఖర్చు పెట్టినా ఒక సంగతి మారదు. ఆ రోజు కంపెనీ తరఫున ఇద్దరం పనిచేశాం. లోపల ఆ లాయరు, బయట నేను. ఆయన ఫీజు తీసుకుని చేశాడు, నేను ఉచితంగా చేశాను.