ఒకటిన్నర స్పీడులో అక్క

సినిమాని నలుగురితో కలిసి, మొదటినుంచి చివరిదాకా, కుర్చీలోంచి కదలకుండా చూడటం అనే అనాగరికపు అలవాటు మా ఇంట్లో పూర్తిగా అంతరించిపోయిందని సంతోషంగా తెలియజేస్తున్నాను. గరివిడిలోని మా మూడు గదుల ఇంట్లో ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లవి, ఎవరి ముక్క వాళ్లది. మానవజాతికి ఇంత సుఖం ఇంతకుముందు ఎప్పుడైనా దొరికిందా?

పాత రోజుల దురవస్థ తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ముక్కూ మొహం తెలియని ఆరువందలమంది ఒకే చీకట్లో కూర్చుని, ఒకేచోట నవ్వి, ఒకేచోట ముక్కు చీదుకునేవారు. తెరమీద ఎవరైనా పోతే పక్కసీటు ఆవిడ మన భుజంమీద వాలి ఏడ్చేది. ప్రైవసీ అన్నది ఉండేదా? పైగా అంత సినిమాకీ కలిపి ఒక్కటే ఇంటర్వెల్!

ఇప్పుడు చూడండి. మనిషికో పాజ్ బటన్. ఆదివారం మా ఇంట్లో తక్కువలో తక్కువ పదకొండు ఇంటర్వెల్స్ పడతాయి. ప్రతిదానికీ టీ, ఒక్కోసారి పకోడీ. క్యాంటీన్ ఎవరు నడుపుతున్నారో మీరు అడగరు, నేను చెప్పను.

మా ఆయన నారాయణమూర్తి ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. సినిమాని ఒకటిన్నర స్పీడులో చూస్తారు. డైరెక్టర్లు సాగదీస్తారట. ఆ స్పీడులో ప్రేమించుకునేవాళ్లు పోట్లాడుకుంటున్నట్టు ఉంటారు, పోట్లాడుకునేవాళ్లు ఉడతల్లా కిచకిచలాడతారు. ఎవరైనా ఆడమనిషి ఏడవటం మొదలుపెడితే స్క్రీన్ మీద టకటకా రెండు దెబ్బలు. పది సెకన్లు, ఇంకో పది సెకన్లు, ఆవిడ కన్నీళ్లు ఆరిపోతాయి. ఇలా సినిమాకి యాభై నిమిషాలు మిగులుస్తారు. మిగిలిన ఆ యాభై నిమిషాలూ తర్వాత ఏ సినిమా చూడాలా అని వెతుకుతారు.

మా అమ్మాయి చరిత రీల్స్‌లో చూస్తుంది. ఒక్కో ముక్క ముప్పై సెకన్లు. ఒకే సినిమావి పదిహేడు ముక్కలు చూసి "చూసేశాను" అంటుంది, జాడీలో ఆవకాయ ముక్కలు చూసి మామిడితోటంతా తిరిగొచ్చానన్నట్టు. మా అబ్బాయి దేవేంద్ర వీళ్లిద్దర్నీ మించినవాడు. వాడు సినిమాలే చూడడు. వాటి రివ్యూలు చూస్తాడు. చూడని సినిమాకి రెండుముప్పావు రేటింగు ఇచ్చి, ఆ పావు ఎందుకు తగ్గించాడో అరగంట చెప్పగలడు.

నాకూ అన్యాయం జరగలేదు లెండి. సినిమాల ఖాతాలో తలా ఒక ప్రొఫైల్ పెట్టుకోగా మిగిలినది నాకిచ్చారు. దానిపేరు 'కిడ్స్'. బీయే చదివినదాన్ని, తీరికగా బొమ్మల కుందేళ్లని చూసుకోవచ్చు.

ఇంత సుఖంగా ఉన్న ఇంట్లో చిక్కు తెచ్చిపెట్టింది మా అత్తయ్య తవిటమ్మగారు. ఆవిడది శ్రీముఖలింగం దగ్గర పల్లె. ఆవిడ చిన్నతనంలో అక్కడొక పద్ధతి ఉండేదట. పట్నంవెళ్లి సినిమా చూసొచ్చిన మనిషి, చూడనివాళ్లకి ఆ సినిమా మొత్తం చెప్పి తీరాలి. సాయంత్రం చింతపండు గింజలు తీస్తూ ఒకామె చెబుతుంటే పదిమంది చుట్టూ చేరేవారు. పాట వస్తే పాడాలి, విలన్ వస్తే వాడి నవ్వు నవ్వాలి. అత్తయ్య హాల్లో చూసిన సినిమాలు నాలుగే. విన్నవి మాత్రం వందకి తక్కువ ఉండవు.

పోయిన నెల ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. విజయనగరం బయల్దేరేముందు టీవీలో ఒక సినిమా సగం చూశారు. వరదలో పడవ తిరగబడింది, అక్క కొట్టుకుపోయింది, తమ్ముడు గట్టుమీద నిలబడి అరుస్తున్నాడు. సరిగ్గా అక్కడ ఆటో వచ్చింది, టీవీ కట్టేశాం. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు టీవీ, ఫోను చూడొద్దని డాక్టరు చెప్పారు. ఆ రోజునుంచి అత్తయ్యది ఒకటే ప్రశ్న.

"ఒరే నారాయనా, నువ్వూ సూసినావు కదా. ఆ అక్క ఏటయిపోనాది?"

"అక్కా?" మా ఆయన ఫోన్లోంచి తలెత్తారు. "సివర్లో ఫైటు బాగుంటాదే అమ్మా. అక్క అంటే... అక్కడ కొంచెం ముందుకి జరిపీసినట్టున్నాను."

చరిత మాత్రం వెంటనే చెప్పింది. "నానమ్మా, అక్క నెమలికంఠం రంగు చీర కట్టుకుంటాది. ఆ చీరే ఇప్పుడు ట్రెండింగ్."

"సీర సంగతి కాదే, కట్టుకున్న మనిషి సంగతి సెప్పు."

దేవేంద్ర ఇయర్‌ఫోన్ తీయకుండానే తీర్పిచ్చాడు. "సెకండాఫ్ ల్యాగ్, నానమ్మా. సిస్టర్ సెంటిమెంట్ వర్కౌట్ అవలేదు."

"వర్కౌటు అవనేదంటే బతికినట్టా, సచ్చినట్టా?"

"అది రివ్యూలో సెప్పరు. స్పాయిలర్."

ఇద్దరు చూసి, ఒకడు తీర్పిచ్చిన సినిమాలో ఒక మనిషి బతికిందో లేదో ముగ్గురికీ తెలియదు. ఇదీ ప్రగతి! అత్తయ్యకే ఇది అర్థంకాదు. "ఓలమ్మీ, కళ్లు మూసుకుంటే ఆ వరద నీళ్లే కనబడతన్నాయే. ముద్ద దిగట్నేదు," అని కంచం పక్కకి జరిపేశారు.

సరే, నేనే చూసి చెబుదామని టీవీ ముందు కూర్చున్నాను. రెండు స్క్రీన్లు ఇప్పటికే నడుస్తున్నాయి, మూడోదానికి చోటులేదంది మా సినిమాల ఖాతా. ఒక స్క్రీన్ వదిలేవరకూ ఆగి మళ్లీ వెళ్తే, ఆ సినిమా పిల్లలకి తగదని నా 'కిడ్స్' ప్రొఫైల్ నన్ను మందలించింది.

అందుకని ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన షిఫ్టుకి వెళ్లాక, చింతపండు బుట్ట తెచ్చుకుని అత్తయ్య మంచం పక్కన కూర్చున్నాను. "నేను చూశానండీ, చెబుతాను వినండి," అన్నాను. అబద్ధమే. నాకు సిగ్గేమీ వెయ్యలేదు.

"అక్క చావలేదు," అన్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

అక్క ఎక్కడో ఒడ్డుకి చేరింది. నౌపడ దగ్గర ఉప్పుమళ్ల పక్కన ఒక ఇంట్లో వాళ్లు చేరదీశారు. ఇరవయ్యేళ్లు ఆ ఇంట్లో వండింది, వడ్డించింది. అందరూ ఎవరి కంచం వాళ్లు పట్టుకుని ఎవరి మూలకి వాళ్లు పోయేవారు. నువ్వు తిన్నావా అని అడిగినవాళ్లు లేరు.

చరిత ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాగింది. "ఈ సీన్ ఎక్కడుందమ్మా?"

"నువ్వు చూడని పద్దెనిమిదో ముక్కలో."

"రివ్యూలో ఈ మాటే అనలేదు," అన్నాడు దేవేంద్ర.

"స్పాయిలర్ కదరా."

మొత్తం చూసినవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉంటే నా ఆటలు సాగేవా? కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారంలేదు. నేను రెచ్చిపోయాను. ఒక పాట కట్టి పాడాను. ఆ ఇంటికి ఒకనాడు తమ్ముణ్ణి చుట్టంగా రప్పించాను. అందరూ లేచి చేతులు కడుక్కోబోతుండగా అక్క వంటింట్లోంచి వచ్చి నడిహాల్లో నిలబడింది.

"ఎవరూ లేవకండి. ఇరవయ్యేళ్లు మీకు పెట్టాను. ఇవాళ నేను మా తమ్ముడి పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటాను. టీ మీరు పెట్టండి."

కంట్లో నీళ్లు రాకూడదన్న డాక్టరు మాట అత్తయ్య వినలేదు. "సినిమా అంటే ఇదే. తీసినోడెవడో గానీ, ఆడి కడుపు సల్లగుండ," అని దూదితో కళ్లు ఒత్తుకున్నారు. చాన్నాళ్లకి ఆ పూట కడుపునిండా తిన్నారు.

పిల్లల ఫోన్లు బోర్లా పడి ఉన్నాయి. నలభై నిమిషాలు, ఒక్క పాజ్ లేదు. ఇరవైరెండేళ్ల కాపురంలో నేను మాట్లాడుతుంటే ఈ ఇంట్లో ఎవరూ మధ్యలో లేచి వెళ్లకపోవటం అదే మొదటిసారి. అందుకోసం నేను సినిమా కావలసి వచ్చింది, అంతే.

చరిత ఫోను బోర్లా పెట్టినా, రికార్డింగు మాత్రం పెట్టే ఉంచిందట. నా కథని ఫ్యామిలీ గ్రూపులో పడేసింది. మర్నాడు డ్యూటీ దిగివచ్చి మా ఆయన అది విన్నారు. ఒకటిన్నర స్పీడులో. నా గొంతు ఉడతలా కిచకిచలాడుతోంది.

"ఇదంతా ఆ సినిమాలో ఉన్నాదా?" అన్నారు.

"మీరు దాటేసిన చోట ఉంది."

ఆయన తలూపారు. ఫోనులో కథ నడుస్తోంది. అక్క వంటింట్లోంచి వచ్చి నడిహాల్లో నిలబడింది. ఆడగొంతు కాస్త పెరగ్గానే ఆయన వేలు అలవాటు ప్రకారం కథని ముందుకి లాగేసింది.

"ఒరే, ఎనక్కి తిప్పు," మంచంమీంచి అత్తయ్య అన్నారు. "అక్క మాటాడతన్నాది."

మా ఆయన పాజ్ నొక్కారు. నొక్కి, నావైపు చూశారు. "ఇంటర్వెల్ గదా, కొంచెం టీ పెడతావేటి?"

"అత్తయ్య చెప్పినట్టు వెనక్కి తిప్పి వినండి," అన్నాను, ఆవిడ మంచంమీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటూ. "టీ ఎవరు పెట్టాలో ఆ ముక్కలోనే ఉంది."