బోసినోటి బాలుడు

పిల్లల్ని కాపాడాలంటే ముందు ముసలివాళ్ళ నోరు మూయించాలని లోకం ఎట్టకేలకు తెలుసుకుంది. ఆ జ్ఞానోదయం తిన్నగా బొమ్మల తాత ఇంటికే వచ్చింది.

తాత విరిగిన బొమ్మలకు కాళ్ళూ చేతులూ అతుకుతాడు. అతుకుతుంటే ఎనిమిదేళ్ళ మనవరాలు వీడియో తీసి తన ఖాతాలో పెడుతుంది. చూసేది గుప్పెడు మంది. వాళ్ళలో వేరే ఊళ్ళో ఉన్న తాత అక్క ఒకరు. ఆవిడకి చెవులు బొత్తిగా వినపడవు. వీడియో కింద కామెంటు రాయడం ఒక్కటే నేర్చుకుంది. మరో మీట నొక్కితే ఫోను పేలిపోతుందని భయం. ‘చిక్కిపోయావేంట్రా తమ్ముడూ’ అని రాస్తే, తాత మర్నాటి వీడియోలో చొక్కా ఎత్తి పొట్ట చూపించేవాడు. వాళ్ళ రాకపోకలన్నీ అవే.

ఒకరోజు కామెంట్లు మూతపడ్డాయి. బొమ్మ కనబడింది గనక అది పిల్లల వీడియో అనీ, దాని కింద ఎవరూ ఏమీ రాయరాదనీ కంపెనీవారి పసిమనసుల పరిరక్షణ శాఖ సెలవిచ్చింది. (పిల్లలు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగారో రాసుకునే శాఖ వేరే ఉంది. దానికి మూత లేదు.)

మళ్ళీ తెరవాలంటే, పెద్దవాడినని నిరూపించుకోవడానికి తాతని ముఖం చూపమన్నారు. పైన పెట్టుకున్నవన్నీ తీసెయ్యాలన్నారు. అతుకుల పనివాడు కదా, తాత నిజాయితీగా కళ్ళజోడూ టోపీతోపాటు పళ్ళసెట్టు కూడా తీసి నవ్వాడు. పళ్ళు లేవు, జుట్టు లేదు, నవ్వుతున్నాడు. ఏడాది నిండని పసివాడని యంత్రం తేల్చింది.

తాత కంపెనీకి ఫోను చేశాడు. అధికారి ఎంతో మర్యాదస్తుడు.

“అమ్మగారి అనుమతి కావాలండీ.”

“అమ్మ పోయి చాలా కాలమైంది నాయనా.”

“అయ్యో. మరి పెద్దదిక్కు?”

“అక్క ఉంది. అడగాలంటే ఆ కామెంట్లు తెరవాలి.”

“తెరవాలంటే ఆవిడ అనుమతి కావాలండీ.”

“ఉండు తాతా, నేనిస్తా,” అంది మనవరాలు. ఖాతా తెరిచిననాడు ఆ పిల్ల తన వయసు దగ్గర తాత పుట్టిన సంవత్సరమే వేసింది. కంపెనీవారు కళ్ళు మూసుకుని నమ్మారు. (అప్పట్నుంచీ దానికి కీళ్ళనొప్పుల నూనె ప్రకటనలు వస్తున్నాయి.) అనుమతి చిటికెలో మంజూరైంది. ‘మీ పసివాడు నమోదయ్యాడు. ఇక అతనితో ఎవరూ మాట్లాడలేరు. నిశ్చింతగా ఉండండి’ అని సందేశం వచ్చింది.

మర్నాడు తాత ఎవరూ అడక్కుండానే కెమెరా ముందు చొక్కా ఎత్తాడు. “తింటున్నానే అక్కా,” అన్నాడు, వినపడదని తెలిసినా.

ఒంటిమీద బట్ట తొలగిందని ఆ వీడియో తీసేశారు. పసివాడు కదా.