లెలెవంగా పట్టని డబ్బా

మనిషికి పేరు మార్చుకునే స్వేచ్ఛ ఉండకూడదు. పేరే కాదు, ఇల్లు, వయసు, చూపు, ఏదైనా సరే, ఒకసారి రాసిచ్చాక మారకూడదు. ఈ మాట తొందరపడి అంటున్నది కాదు. తెల్లవారినప్పటి నుంచీ ఎవరూ పలకరించని చోట కదలకుండా కూర్చుని, బాగా ఆలోచించి రాస్తున్నాను. ఎక్కడ కూర్చున్నానన్నది తర్వాత చెబుతాను.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. మా సవాయీ దీవి గుమాస్తాలకి వెబ్‌సైట్లు రాయడం నేర్పుతామని ఆరు రోజుల కోర్సు పెట్టారు. నేర్పడానికి రాజధాని ఆపియా నుంచి మిస్ ఆసోమువా వచ్చింది. మొదటి రోజే బల్ల మీద రెండు ఖాళీ బిస్కెట్ డబ్బాలు పెట్టింది.

"వేరియబుల్ అంటే ఇలాంటి డబ్బా. పైన పేరు రాస్తాం, లోపల విలువ పెడతాం. కావాలంటే అది తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు," అంది. తర్వాత రెండో డబ్బాలో ఒక బిస్కెట్ వేసి, మూత పెట్టి, చుట్టూ టేపు అంటించింది. "ఇది కాన్‌స్టెంట్. పెట్టిందే పెట్టింది. ఇక మారదు."

మొదటి డబ్బాను చూస్తే నాకు గుండె దడ వచ్చింది. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి! అదేం డబ్బా? మా ఇంట్లో అన్నీ అలాంటివే. చక్కెర డబ్బాలో మేకులుంటాయి, మేకుల డబ్బాలో మా ఆవిడ కమ్మలుంటాయి. టేపు చుట్టిన డబ్బాను చూశాక గానీ ప్రాణం కుదుటపడలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషిని లోకం వెక్కిరిస్తుంది. కంప్యూటర్ మాత్రం అలాంటివాడిని నెత్తిన పెట్టుకుంటుంది.

డబ్బాలకి రకాలు కూడా ఉంటాయని రెండో రోజు చెప్పింది. నంబర్ రకంలో అంకెలే పడతాయి. స్ట్రింగ్ రకంలో అక్షరాలు పడతాయి. బూలియన్ రకంలో 'అవును', 'కాదు', ఈ రెంటిలో ఒకటి పడుతుంది. మధ్యలో ఏమీ ఉండదు. మేము పుట్టి పెరిగిందే ఆ మధ్యలో. రేపొస్తావా అని మా బస్సు డ్రైవర్ని అడగండి, కనుబొమ్మలు ఎగరేసి, చర్చి వైపు చూసి, ఆకాశం వైపు చూసి ఊరుకుంటాడు. అలాంటి జాతికి బూలియన్ వరం కాక మరేమిటి?

ఆ వరం మాకు కంటి డాక్టర్ల రూపంలో వచ్చింది. ఏడాదికోసారి సముద్రం దాటి వచ్చి, నాలుగు రోజులుండి, శుక్లాలు తీసి వెళ్లే డాక్టర్లు. వాళ్ల కోసం పేర్లు రాసుకోవడానికి మా జిల్లాలో ఒక వెబ్‌సైట్ పుట్టింది. దాన్ని రాసింది ఒక మహామేధావి. తన పేరు బయటపెట్టొద్దని ఆయన మరీ మరీ కోరాడు. గొప్పవాళ్లకి అంత వినయం ఉంటుంది.

ఆ ఫారంలో ఇంటి నంబర్ అనే డబ్బా ఉంది. నంబర్ రకం. మా ఊళ్లో ఇళ్లకి నంబర్లెక్కడివి? "పాస్టర్ గారింటి వెనక, రెండో సీమపనస చెట్టు దాటాక" అని రాస్తే ఎర్రక్షరాలు వచ్చాయి. ఒకరు 1 కొట్టి చూశారు, ఒప్పుకుంది. ఊరంతా 1 కొట్టింది. ఇప్పుడు సర్కారు లెక్కలో మేము నాలుగు వందల మందిమీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. పోయిన నెల ఇంటికొకటి చొప్పున దోమతెరలు పంచారు, మా ఊరికి ఒకటొచ్చింది. ఇంత ఐకమత్యం ఏ ప్రవచనం తెచ్చింది చెప్పండి?

వయసు కూడా నంబరే. మా మేనత్త "పెద్ద తుఫానులో చర్చి కప్పు ఎగిరిపోయిన మర్నాడు పుట్టాను" అని రాసింది. ఫారం ఆలోచించి, ఆమె వయసు 'నంబర్ కాదు' అని తేల్చింది. ఇప్పటికీ జిల్లా రికార్డుల్లో అలాగే ఉంది. అప్పటి నుంచి మా మేనత్త నడకే మారిపోయింది.

ఇక అన్నిటికన్నా అందమైనది, 'కళ్లు కనిపిస్తాయా?' అనే బూలియన్. 'అవును' నొక్కితే, మీకు వైద్యం అవసరం లేదు, సంతోషం, అని పంపించేస్తుంది. 'కాదు' నొక్కితే, కింది సూచనలు శ్రద్ధగా చదివి ముందుకు వెళ్లండి, అంటుంది.

ఇన్ని సుగుణాలున్న ఫారం మీద మచ్చ వేయాలని చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. మా పెనియామినా బాబాయి.

మా దగ్గర పేరు మనిషితో పుట్టదు, పెద్దరికంతో వస్తుంది. వంశమంతా కూర్చుని, తగినవాడిని చూసి, తాతల నాటి పేరు అతనికి కడుతుంది. బాబాయి యాభై తొమ్మిదేళ్లు పెనియామినాగా బతికాడు. పోయినేడాది కంటి డాక్టర్లు వచ్చి వెళ్లిన రెండు నెలలకి వంశం ఆయన్ని లెలెవంగా చేసింది. లెలెవంగా అంటే మా ఊరి నోరు. చావైనా, పెళ్లైనా, పొరుగూరివాళ్లొచ్చినా, పొడుగు కర్ర పట్టుకుని, కొబ్బరిపీచు కుంచె భుజాన వేసుకుని, లేచి నిలబడి మాట్లాడేది ఆయనే. ఎదుట కూర్చున్న ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల బిరుదులతో, వరస తప్పకుండా పలకరించాలి. ఒక్కటి తప్పితే ఊరి పరువు పోతుంది.

నోరు బంగారమే. వచ్చిన చిక్కల్లా కళ్లతోనే. పోయిన నెల పొరుగూరి పెద్దలు చర్చి పనికి వస్తున్నారంటే, ఆగిన లారీ ఎదుట నిలబడి ముప్పావుగంట స్వాగతం చెప్పాడు. కన్నీళ్లు తెప్పించే ప్రసంగం. పెద్దలింకా రాలేదు, లారీలో ఉన్నవి సిమెంటు బస్తాలు. ఆ తర్వాత ఒక చావింట్లో, ఏడుస్తున్నవాళ్లని వాళ్ల పగవాళ్ల బిరుదులతో ఓదార్చాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే కర్ర దించాల్సిందేనని ఊరిపెద్దలు మెత్తగా చెప్పారు. కళ్లు బాగుపడితే ఆ పేరు నిలుస్తుంది, లేకపోతే లేదు. ఆయనకి ఆ పేరే ప్రాణం.

డాక్టర్లు వచ్చే ముందు వారం, బాబాయీ ఫెతువావో పిన్నీ నేను పనిచేసే జిల్లా ఆఫీసుకొచ్చారు.

"ఒరే ఇసాయా, నా పేరు రాసుకోరా," అన్నాడు బాబాయి, మూలనున్న ఫ్యానుతో.

"ఇటున్నాను, బాబాయ్."

"పోయినేడు పెనియామినా అని రాశావు. పొర ముదర్లేదు, మళ్లీ ఏడు రమ్మన్నాడు డాక్టరు. ముదిరింది. ఇప్పుడు లెలెవంగా అని రాయి."

రాశాను. ఎర్రక్షరాలు వచ్చాయి. 'ఈ పేరుకి కొత్త విలువ ఇవ్వడం కుదరదు' అని. పేరు అనే డబ్బాకి ఆ మేధావి టేపు చుట్టేశాడు మరి. పెద్దరికం ఉన్నంతకాలం బాబాయి గుర్తింపు కార్డు మీద లెలెవంగా అనే ఉండాలి. కార్డు మీద ఒక పేరు, కంప్యూటర్లో ఒక పేరు ఉన్నవాళ్లని డాక్టర్లు లోపలికి రానివ్వరు. కొత్త మనిషిగా రాద్దామా అంటే, ఈ ఏడు కత్తి పెట్టేది పోయినేడు చూసి రమ్మన్నవాళ్లకే.

"కుదరదు బాబాయ్. కంప్యూటర్ ఒప్పుకోదు."

"వంశం ఒప్పుకుంది, ఊరు ఒప్పుకుంది, పాస్టర్ ఒప్పుకున్నాడు. దీనికేం వచ్చింది?"

"పేరు కట్టిన రోజు అందరికీ పోసిన ఆవా పానీయం దానికి పొయ్యలేదుగా, అలిగుంటుంది," అంది పిన్ని. "ఇంతకీ ఇది రాసినోడు ఎవడ్రా? దొరికితే చీపురు తిరగేద్దును."

"చాలా పెద్దవాడు పిన్నీ. మనకి అందడు," అన్నాను పైకప్పు వంక చూస్తూ.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారిని తిట్టుకుంటూ సంగతి ఊరిపెద్దల సభకి చేరింది. నన్ను పిలిపించారు. వెబ్‌సైట్‌ని మార్చగలమా అని అడిగారు. అసాధ్యమని చెప్పాను. కోర్సు చేసినవాడిని, నా మాట కాదనేదెవరు? అయితే పెనియామినాని మార్చగలమా అని అడిగారు. మళ్లీ వాళ్లే, ఇప్పటికే ఒకసారి మార్చాం కదా, అన్నారు.

తలకి పాగా పట్టలేదని తల చెక్కించుకున్నట్టు, బాబాయి పెద్దరికం విప్పేయాలని తీర్మానమైంది. కళ్లయ్యాక మళ్లీ కడదామనుకున్నారు.

మంగళవారం పొద్దున్నే మొదలైంది. మూడు పందులు, పదహారు బుట్టల చేమదుంపలు, వేడుకలకి కానుకగా ఇవ్వడానికి వంశంలో దాచుకున్న సన్నచాపలన్నీ బయటికొచ్చాయి. ఊరి తరఫున మాట్లాడేవాడు ఆయనే కాబట్టి, ఆయన్ని దించే ప్రసంగం కూడా ఆయనే చేయాల్సి వచ్చింది. గంటన్నర మాట్లాడాడు. తనని తానే పొగుడుకుని, తనని తానే సాగనంపుకుని, కర్ర కింద పెట్టి, మామూలు పెనియామినాగా సభలో వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆ వెళ్లేటప్పుడు ఒక స్తంభాన్ని చేత్తో తడుముకున్నాడు. అది నేను చూశాను.

కార్డు రాసేది మా ఆఫీసే గనక పాత పేరుతో కొత్తది అక్కడే రాసిచ్చాను. పది గంటలకి ఫారం నింపాం. ఆకుపచ్చ టిక్కు పడింది. నాలుగు నిమిషాలు పట్టింది. టెక్నాలజీ వేగం చూశారా?

మిగిలిన రోజులు ఆయన మామూలు మనిషి. మామూలు మనిషి పెద్దలకి వడ్డించాలి, చేతులు కడుక్కునే నీళ్లందించాలి. తను భుజాలెక్కించుకుని తిప్పిన మేనల్లుడికి ఆయన పళ్లెం అందించాడు. "ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో, చెప్పిన పని మొదటిసారి చేస్తున్నాడు. ఈ వెబ్‌సైటు చల్లగుండ," అంది పిన్ని. నవ్వుతూనే అంది గానీ, ఆ తర్వాత చాలాసేపు ముఖం అటు తిప్పుకుని కూర్చుంది.

గురువారం ఆపరేషన్. శుక్రవారం కట్టు విప్పారు. బాబాయి ముందు పిన్నిని చూశాడు.

"ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?"

"నువ్వు సిమెంటు బస్తాలతో మాట్లాడుతున్నప్పుడు," అంది పిన్ని.

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ క్షణాన మహామేధావి మీద నాకున్న గౌరవం రెట్టింపైంది.

సోమవారం మళ్లీ పేరు కడదామని సభ కూర్చుంది. కానీ పేరు ఖాళీగా లేదు. మంగళవారం నుంచి లెలెవంగా అనే డబ్బా వట్టిగా ఉండేసరికి, వంశంలో రెండో పాయవాళ్లు శనివారమే ఆవా తాగి, పందుల్ని కోసి, బస్సు నడిపే సియావోసికి ఆ పేరు కట్టేశారు. ఎవరు వద్దంటారు? ఖాళీ డబ్బా, పైన పేరుంది, లోపల ఏమీ లేదు. పద్ధతి ప్రకారమే చేశారు. సియావోసికి ముప్ఫై నాలుగేళ్లు, డేగ కళ్లు. పొరుగూరి పెద్దలొస్తే లేచి, కనుబొమ్మలు ఎగరేసి, చర్చి వైపు చూసి, కూర్చున్నాడు.

కోర్సులో మిస్ ఆసోమువాని మేమొకటి అడిగాం. డబ్బాలో కొత్త విలువ పెడితే పాతది ఎక్కడికి పోతుంది మిస్, అని. "ఎక్కడికీ పోదు. పోతుంది, అంతే," అంది. ఆ రోజు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. పాత విలువ సభలో వెనక వరసలో కూర్చుంటుంది. దానికి అందరూ స్పష్టంగా కనిపిస్తుంటారు. ఎవరిని ఏ బిరుదుతో పిలవాలో దానికి తెలుసు. పిలవడానికి దానికి హక్కు లేదు.

పాఠకులారా, నేనెక్కడ కూర్చున్నానో చెబుతానన్నాను. మా దగ్గర ఒకరి పట్ల పెద్ద తప్పు చేసినవాడు, తల మీదుగా సన్నచాప కప్పుకుని వాళ్లింటి ముందు నేల మీద కూర్చుంటాడు. ఇంటాయన వచ్చి చాప పూర్తిగా తీసేస్తే క్షమించినట్టు. తీయకపోతే కూర్చోవడమే. నేను పెనియామినా బాబాయి వాకిట్లో, మా ఆవిడ పుట్టింటి చాప కింద కూర్చున్నాను. లోపల ఉక్కగా ఉంది. మహామేధావికి కూడా బాగా చెమట పడుతోంది, ఎందుకంటే ఇందులో ఇద్దరికి చోటు లేదు, ఉన్నది నేనొక్కడినే.

అసాధ్యమని సభలో ఎందుకన్నానని అడుగుతారు. అది నేను రాసిన మొదటి ప్రోగ్రాం. మూడు వారాలు పనిచేయలేదు. తర్వాత ఒక రోజు పనిచేయడం మొదలుపెట్టింది, ఎందుకో నాకు తెలియదు. చెయ్యి పెడితే కూలిపోతుందని భయం. కూలిపోతే ఇసాయాకి ఏమీ రాదని ఊరికి తెలిసిపోతుందని అంతకన్నా భయం. ఒక ఊరి నోటిని మూయించడం నాకు దానికన్నా తేలికనిపించింది.

ఇందాక చాప కిందే ఫోన్‌లో ఆ ప్రోగ్రాం తెరిచాను. పదకొండో వరసలో కాన్‌స్టెంట్ అని చెప్పే మాట ఉంది. అది తీసేసి వేరియబుల్ అని చెప్పే మాట పెట్టాను. ఏదీ కూలలేదు.

అడుగుల చప్పుడైంది. చాప అంచు వేలెడంత లేచింది. ఒక కన్ను కనిపించింది, తేటగా, తడిగా, కొత్తగా.

"నువ్వే," అన్నాడు బాబాయి. "చెవి కింద పుట్టుమచ్చ కూడా కనబడతందిరా."

"మార్చేశాను బాబాయ్. ఇకనుంచి ఎవరి పేరైనా మార్చుకోవచ్చు."

"ఎంతసేపు పట్టింది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ కంటి ముందు నోరు రాలేదు.

"అర నిమిషం."

బాబాయి చాప అంచు మెల్లగా దించి, ముడత పడిన చోట చేత్తో సరిచేసి, లోపలికి వెళ్లిపోయాడు. గిన్నెల చప్పుడు, దాని వెనకే పిన్ని గొంతు వినిపించాయి.

"పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడు. కాస్త కోకో ఇవ్వనా వాడికి?"

"ఇవ్వు," అన్నాడు బాబాయి. "చాప కింద నుంచి ఇవ్వు."