పెద్ద డాక్టరమ్మకి పెద్ద వెలుగు

ఆ ఉదయం ఫొటోగ్రాఫర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆస్పత్రికి వెళ్లడం, పెద్ద డాక్టరమ్మని ఆవిడ గదిలోనే కూర్చోబెట్టి ఓ మంచి ఫొటో తీయడం, భోజనం వేళకి ఇంటికొచ్చేయడం. ఆ ఫొటో నచ్చితే ఇకమీదట ఆస్పత్రి ఫొటోలన్నీ అతనివే. నచ్చకపోతే ఒకటో తారీకు నుంచి మామగారి సోఫాల కొట్లో కూర్చోవాలి. ఈ రెండో సంగతి భార్య ముందురోజే తేల్చి చెప్పేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ పాస్‌పోర్ట్ ఫొటోలతో ఈడ్చుకొస్తున్నా, తనని నలుగురూ ఫొటోగ్రాఫర్ అని పిలవడం అతనికి ప్రాణం. అది పోతే ఏం మిగులుతుందో ఆవిడ అడగలేదు, అతను చెప్పుకోలేదు.

ప్లాను చిన్నదే కానీ సాఫ్ట్‌బాక్స్ పెద్దదైపోయింది. లైటుకి తగిలించే నల్లగుడ్డ డబ్బా అది. ముందున్న తెల్లటి తెర వెలుగుని మెత్తగా చేసి మొహం మీద పరుస్తుంది. "ఒక్క మనిషి మొహానికి మధ్యరకం చాలండీ. పెద్దది నిలువెత్తు ఫొటోలకీ, గుంపులకీ. ఇంతకీ గది కొలిచారా?" అని కెమెరా సామాన్ల కొట్టతను కొనేముందే అడిగాడు. కొలవలేదు. ఏ పనీ చేయకపోయినా ప్రతి పనికీ సలహా ఉన్న బావమరిది అప్పుడు కలగజేసుకున్నాడు.

"మధ్యరకమేంటి బావా, నవ్విపోతారు! పెద్ద డాక్టరమ్మకి పెద్దదే ఉండాలి."

కొట్లో ఉన్న వాటన్నిట్లోకీ పెద్దది కొన్నారు. దాని చువ్వలు వంచి బిగించేసరికి భార్యాభర్తలిద్దరికీ, బావమరిదికీ తల ప్రాణం తోకకొచ్చింది. చేయి జారిన ఓ చువ్వ ఎగిరి టీవీ తెర పగలగొట్టింది. "మళ్లీ దాన్ని విప్పారో, నేను మా నాన్న దగ్గరికి పోతాను" అంది భార్య. అందుకే విప్పకుండా తీసుకెళ్లాలని తీర్మానించారు. తలుపులోంచి పట్టలేదు. దుప్పట్లు ముడేసి బాల్కనీ మీంచి దించుతుంటే, కింది వాటా ఆవిడ కిటికీకి అడ్డంగా నల్లగా ఏదో దిగడం చూసి కెవ్వుమంది. ఆ తర్వాత వ్యాను వెనక అది గాలికి లేవకుండా దారి పొడుగునా అతను దానిమీద బోర్లా పడుకున్నాడు.

ఆస్పత్రిలో లిఫ్టులోకి పట్టలేదు. మెట్ల మీంచి మోసుకెళ్తే డాక్టరమ్మ గది తలుపులోంచీ పట్టలేదు. "వరండాలో పెడదాం బావా, ఆవిడే వస్తుంది" అన్నాడు బావమరిది. ఆవిడ రౌండ్లలో ఉంది. ఈలోపు వెలుగు సరిచూద్దామని అతను లైటు వేసి బావమరిదిని స్టూలు మీద కూర్చోబెట్టాడు. గడ్డం ఎత్తమన్నాడు, మెడ తిప్పమన్నాడు, ఊపిరి బిగబట్టమన్నాడు. ఫ్లాష్ తళుక్కుమంది.

బెంచీ మీద మెడ పట్టేసి కూర్చున్న ఒకావిడ ఇదంతా కళ్లార్పకుండా చూసింది.

"బాబూ, దీనివల్ల ఏమవుతుంది?"

"ముడతలు పోతాయండీ, కళ్ల కింద నలుపు పోతుంది" అన్నాడు బావమరిది హుషారుగా.

"నొప్పెడుతుందా?"

"అబ్బే, తెలీనే తెలీదు! వెచ్చగా హాయిగా ఉంటుంది."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. ఆవిడ వెనక మరొకరు నిలబడ్డారు. నిలబడ్డవాళ్లని చూసి ఇంకొందరు నిలబడ్డారు. అంత వరసలో నిలబడుతున్నారంటే మంచి వైద్యమే అయ్యుంటుందని కింది అంతస్తు నుంచి కూడా జనం ఎక్కొచ్చారు. ఓ ముసలాయన పంట్లాం పైకి మడిచి మోకాలు తెర ముందు పెట్టాడు.

"తాతగారూ, నేను డాక్టర్ని కాను! ఇది ఫొటోలు తీసే లైటు!" అని ఫొటోగ్రాఫర్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"ఎక్స్‌రే కూడా ఫొటోనే కదయ్యా" అన్నాడు ముసలాయన, మోకాలు ఇంకాస్త ముందుకి జరిపి.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. వరండా చూసి మొహం చిట్లించింది. "రెండు నిమిషాలు. తొందరగా తీయండి" అంది. అతను ముసలాయన్ని బతిమాలి లేపి, ఆవిడని కూర్చోబెట్టాడు. వరసలో గోల మొదలైంది.

"పొద్దున్నుంచీ మేం నిలబడితే ఆవిడకి ముందా?"

"ఆవిడ ఇక్కడి డాక్టరండీ!"

"డాక్టరుకే బాగోకపోతే మాకేం నయం చేస్తుంది? వరసలో రమ్మను!"

వెనకవాళ్లు ముందువాళ్లని తోశారు, ముందువాళ్లు స్టాండుని తోశారు. సాఫ్ట్‌బాక్స్ మెల్లగా ముందుకి వంగి, తెర చించుకుని, పెద్ద డాక్టరమ్మని నడుము దాకా మింగేసింది. లోపల్నుంచి ఆవిడ ఏమందో సరిగ్గా వినపడలేదు కానీ, తన పని అయిపోయిందని మాత్రం ఫొటోగ్రాఫర్‌కి అర్థమైంది. ఏడుపొచ్చింది. జనంలో ఏడవలేక, చువ్వలు ఏరుకున్నాడు.

మర్నాడు ఆస్పత్రి మేనేజరు ఫోన్ చేశాడు. వెంటనే రమ్మన్నాడు, సాఫ్ట్‌బాక్స్ కూడా తెమ్మన్నాడు. ఇంకో అవకాశం ఇస్తున్నారనుకున్నాడు పిచ్చివాడు. రాత్రంతా కూర్చుని తెర కుట్టిన వేళ్లతోనే కెమెరా తుడుచుకుని పరుగెత్తాడు.

"మీ మిషను కావాలి" అన్నాడు మేనేజరు. "పొద్దున్నుంచీ అందరూ ఆ వెలుగు ఏదని అడుగుతున్నారు. మెడ తిరుగుతోందట, మోకాలు వంగుతోందట. మీకో గదీ, నెలజీతం ఇస్తాం. లైటు వేయడం, ఆర్పడం, అంతే."

"అది వైద్యం కాదండీ!"

"మేమూ అనలేదుగా. వాళ్లే అంటున్నారు. హాని లేదని డాక్టరమ్మ కూడా సరేనన్నారు."

"మరి... ఆవిడ ఫొటో?"

"అదా? నిన్న సాయంత్రం రిసెప్షన్ అమ్మాయి ఫోన్లో తీసేసింది. ఆవిడకి తెగ నచ్చింది."

ఆ మాట అతన్ని సోఫాల కొట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది. అయినా ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఇంటికెళ్లే ధైర్యం లేదు. "మావారికి ఆస్పత్రిలో ఉద్యోగం" అని భార్య కింది వాటా ఆవిడకి చెప్పుకుంది. మామగారు మొదటిసారి అల్లుడుగారూ అన్నారు. పెద్దది కొనమన్నది తనేనని బావమరిది అందరికీ గుర్తుచేస్తున్నాడు.

ఇప్పుడు రోజూ ఎందరో అతని ముందు కూర్చుంటారు. గడ్డం ఎత్తి, కళ్లు మూసుకుని, ఆశగా. ఆ మెత్తటి వెలుగులో ఎంత మామూలు మొహమైనా అందంగా కనిపిస్తుంది, కెమెరాలో పట్టుకోవాలని అతని వేలు దానంతటదే కదులుతుంది. తీస్తే అతని బతుకు మొత్తానికీ మంచి ఫొటోలు అవే అయ్యుండేవి.

గోడమీద మాత్రం ఆస్పత్రివాళ్లు బోర్డు పెట్టారు: ఈ గదిలో ఫొటోలు తీయరాదు.