సల్మానియా మీదుగా సఖీర్

ఆ రోజుకు సోమరాజు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే యజమాని గారి పికప్పు తీసుకుని సఖీర్ వెళ్లడం, అక్కడి బిజినెస్ కాలేజీ ఆఫీసులో ఒక సంతకం పెట్టడం, మధ్యాహ్నం నమాజు వేళకల్లా కర్జకాన్‌లో ఇంటికి తిరిగొచ్చి డ్యూటీలో పడడం. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. అయినా సోమరాజు తెల్లవారక ముందే లేచి భయపడడం మొదలుపెట్టాడు.

భయం అతనికి కొత్త కాదు. తుని నుంచి బహ్రెయిన్ వచ్చేటప్పుడు విమానం పడిపోతుందని భయపడ్డాడు, అది పడకుండా దిగాక వెనక్కి పంపేస్తారని భయపడ్డాడు. వీసాకు పూచీపడ్డ యజమాని, అంటే కఫీల్, అబూ యూసుఫ్ ఇంట్లో డ్రైవరుగా కుదిరాక భయాలు స్థిరపడ్డాయి. భార్య లోవమ్మ అదే ఇంట్లో వంట చేస్తుంది. కూతురు పద్మజ కఫీల్ పిల్లలతో పాటే పెరిగి, వాళ్ల అరబ్బీ నేర్చి, ఈ ఏడు పన్నెండో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. సఖీర్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది. వచ్చింది బాగానే ఉంది కాని, రెండు దారులతో వచ్చింది.

మొదటి దారిలో ఈ ఏడే నేరుగా బిజినెస్‌లో చేరిపోవచ్చు. కాని ఏడాది తిరిగేసరికి మార్కులు తగ్గితే కాలేజీ నుంచే పంపేస్తారు. రెండో దారిలో ముందు మామూలు చదువులో చేరి, వచ్చే ఏడు బిజినెస్ సీటు అడగాలి. మిగిలితే ఇస్తారు, లేకపోతే వాళ్లిచ్చిన చదువు చదువుకోవాలి. ఏ దారో ఈ రోజు మధ్యాహ్నం నమాజు లోపు పెద్దవాళ్లెవరైనా వచ్చి సంతకం పెట్టి చెప్పాలి. చెప్పకపోతే రెండూ పోతాయి. పద్దెనిమిది నిండిన పిల్లకు కాలేజీ లేకపోతే వీసా కూడా లేదు.

"నిదానమే ప్రధానం అన్నారు. తర్వాతే అడుగుదాం," అన్నాడు సోమరాజు చొక్కా తొడుక్కుంటూ.

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారండి," అంది లోవమ్మ. మన పెద్దవాళ్లు ప్రతి భయానికీ ఒక సామెత, దాని ఎదురింటి భయానికి ఇంకో సామెత చేసిపెట్టి వెళ్లారు.

"నేను చదవగలను నాన్నా. నేరుగానే చేరతాను," అంది పద్మజ.

"తప్పితే? నిన్నొక్కదాన్నీ తుని పంపెయ్యాలి. అప్పుడు ఇక్కడ మేము, అక్కడ నువ్వు. వద్దు తల్లీ." అందుకే ఆమెను వెంట తీసుకెళ్లకూడదని కూడా నిశ్చయించుకున్నాడు. ఆఫీసువాళ్ల ముందు ఆ పిల్ల నోరు విప్పితే తన నోరు మూతపడుతుందని అతనికి తెలుసు.

లోవమ్మ దేవుడి పటం ముందు నుంచి బొట్టు తెచ్చి పెడుతూ చివరి మాట చెప్పింది. "ఏవండీ, ఎవరన్నా ఎక్కడికి అని అడిగితే చెప్పకండి. అడిగారా, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరండి."

మంచి పనికి బయల్దేరినవాడిని ఎక్కడికి అని అడిగితే ఆ పని చెడుతుంది. ఇది తునిలో అందరికీ తెలుసు. కాని కర్జకాన్‌లో ప్రహరీ అవతల గోడ కడుతున్న లింబాద్రిది నిజామాబాద్ జిల్లా. పైగా అతనిది అడక్కుండా ఉండలేని నోరు.

"ఏడికి పోతున్నవ్ సోమన్నా, గింత పొద్దుగాల?"

సోమరాజు ఉలుకూ పలుకూ లేకుండా వెనక్కి తిరిగాడు. ఇంట్లోకెళ్లి కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. మళ్లీ బయల్దేరాడు. ఈసారి లింబాద్రి తాపీ కింద పెట్టి, గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. అడిగినదానికి జవాబివ్వకుండా మనిషి వెనక్కి పోయాడంటే ఏదో ఉన్నట్టే కదా.

"ఏమైంది సోమన్నా? గట్ల తిరిగి పోతివి? ఏడికో చెప్పరాదు?"

మూడోసారి నీళ్లు తాగడానికి పొట్టలో చోటు లేదు. సఖీర్ అంటే పని చెడుతుంది. నోటికొచ్చిన ఊరు చెప్పేశాడు.

"సల్మానియాకి."

సల్మానియా అంటే బహ్రెయిన్‌లో ఎవరికైనా పెద్దాసుపత్రే గుర్తొస్తుంది. లింబాద్రి మొహం మారిపోయింది. "దవాఖానకా? ఏమైందే?"

"ఏమీ లేదు తమ్ముడూ."

"మా క్యాంపుల గంగన్న గూడ గిట్లనే ఏం లేదు, ఏం లేదనుకుంట పోయిండు. నెల దినాలు మంచంల వడ్డడు. నువ్వు బండి నడపకు," అంటూ లింబాద్రి పికప్పు తాళాలు లాక్కున్నాడు. మంచివాడు కావడం వల్ల అంతటితో ఆగలేదు. లోపలికి పరిగెత్తి, పనివాళ్లంతా మామా అని పిలిచే కఫీల్ తల్లికి, వచ్చీరాని అరబ్బీలో గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. ఆ అభినయం చూసి పెద్దావిడ కొడుకు ఆఫీసుకు ఫోను చేయించింది.

సోమరాజు నిజం చెప్పడానికి నోరు తెరిచేలోగా అబూ యూసుఫ్ కారు గేట్లోకొచ్చేసింది. దాంతో తెరిచిన నోరు మూసుకున్నాడు. కిందటేడు తోటమాలి ఒకడు ఒక్క అబద్ధమాడితే, ఖలాస్ అని ఆ వారమే విమానం ఎక్కించిన మనిషి ఆయన. ఇప్పుడు ఎక్కడికి వెళ్లబోయావంటే సఖీర్ అనాలి. మరి సల్మానియా అని ఎందుకన్నావంటే, ఊరి పేరు చెబితే పని చెడుతుందని అరబ్బీలో ఎలా చెప్పాలి? ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆ చెమటలు చూసి కఫీల్, "యల్లా, కారెక్కు," అన్నాడు.

గోల విని లోవమ్మ, పద్మజ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. నాకేమీ లేదు, కంగారుపడకు అని భార్యకు తెలియడానికి సోమరాజు కన్ను గీటాడు. పాతికేళ్ల కాపురంలో అతను కన్ను గీటడం లోవమ్మ చూసి ఎరగదు. ఆమె గుండెలు బాదుకుంది.

"అయ్యో, మూతి పక్కకు పోతోందండీ. పక్షవాతమండీ. నాకొక్క మాటైనా చెప్పలేదండీ."

నిజం చెబితే వీసా పోతుంది, చెప్పకపోతే కూతురి సీటు పోతుంది. కారు సల్మానియా వైపు పోతుంటే అద్దంలోంచి సఖీర్ దారి వెనకబడిపోవడం చూశాడు సోమరాజు. తన పిరికితనం మీద తనకే ఏడుపొచ్చింది. పక్కన లోవమ్మ అతని మూతిని తిన్నగా పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరు బీపీ చూశాడు. మరోసారి చూశాడు. యంత్రం మార్చి చూశాడు. తర్వాత హిందీలో అన్నాడు. "చాలా ఎక్కువగా ఉంది. ఇప్పుడైతే ఒక మంచం ఖాళీ ఉంది, చేరిపోతే మంచిది. లేదంటే మాత్రలు వేసుకుని వెళ్లి వచ్చే వారం రా. అప్పటికి మంచం ఉంటుందని మాటివ్వలేను."

సోమరాజు ఆడిన అబద్ధం నిజమైపోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది. "తర్వాతే వస్తానండి," అన్నాడు.

"తర్వాతంటే మంచం ఉండొద్దా నాన్నా?" అంది పద్మజ. "మిగిలితే ఇస్తారు. మిగలకపోతే ఏ ప్రసూతి వార్డులోనో పడుకోమంటారు. పడుకుంటావా?"

పద్మజ ఇక తండ్రి వైపు చూడలేదు. కఫీల్ వైపు తిరిగి అరబ్బీలో మొత్తం చెప్పేసింది. సఖీర్, రెండు దారులు, మధ్యాహ్నం నమాజు, ఎక్కడికని అడగకూడదన్న ఆచారం, మంచినీళ్లు, లింబాద్రి, అన్నీ. చెబుతున్నంతసేపూ సోమరాజు మనసులో సామాన్లు సర్దుకుంటూనే ఉన్నాడు.

అబూ యూసుఫ్ సోమరాజు వైపు తిరిగాడు.

"పొద్దున ఎక్కడికని చెప్పావు?"

"సల్మానియాకి," అన్నాడు సోమరాజు ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"ఇప్పుడెక్కడున్నావు?"

"సల్మానియాలో."

"మరి అబద్ధమెక్కడుంది?" అని ఆయన, సోమరాజును ఆ ఖాళీ మంచం ఎక్కించమని డాక్టరుకు చెప్పి, కారు తాళాలు తీసుకుని లేచాడు. "పద బిడ్డా. ఈ దేశంలో మీ అందరికీ పూచీ నేనే. ఆ సంతకం నేను పెడతాను."

"తర్వాత అని చెప్పండి," అన్నాడు సోమరాజు మంచం మీంచి.

"చదివేది నువ్వా?" అన్నాడు కఫీల్ గుమ్మంలోంచి.

లోవమ్మకు అరబ్బీ మాటలు సగమే అర్థమయ్యాయి. ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని అడగబోయి, ఠక్కున చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం పద్మజ తిరిగొచ్చింది. నేరుగానే చేరింది. నమాజుకు కాస్త ముందే ఆఫీసు చేరారట. ఆ మాట వినగానే సోమరాజుకు గర్వం వచ్చింది, ఆ వెనకే భయం కూడా వచ్చి కూర్చుంది.

"మార్కులు తగ్గితేనో, తల్లీ?"

"నాకూ భయంగానే ఉంది నాన్నా," అంది పద్మజ అతని చెయ్యి పట్టుకుని. "తర్వాత చేరినా ఈ భయం ఉండేదే. ఇంకో ఏడాది ఎక్కువ ఉండేది."

నర్సు వచ్చి బీపీ చూసి, పొద్దుటి కంటే బాగా దిగిందని చెప్పింది. ఎందుకు దిగిందో సోమరాజుకు అంతుపట్టలేదు. అదీ ఒక భయంగానే దాచుకున్నాడు.

కాలేజీ తెరిచిన మొదటి రోజు పద్మజ సంచి భుజాన వేసుకుని గేటు దాటుతుంటే గోడ మీంచి లింబాద్రి పలకరించాడు. "ఏడికి పోతున్నవ్ చెల్లె?"

"సఖీర్‌కి అన్నా, కాలేజీకి," అని చెప్పి పద్మజ ఆగకుండా వెళ్లి పికప్పు ఎక్కింది.

తోలాల్సిన సోమరాజు మాత్రం ఇంట్లోకెళ్లి, కూర్చుని, కూతురి వాటా మంచినీళ్లు కూడా తానే తాగి వచ్చాడు.