ఒంటి బూటు లైసెన్సు

"ఏడాది తిరిగేలోగా ఈ జిల్లాలో లైసెన్సు లేని స్పెషల్ టీచరు గానీ, టీచరు లేని స్పెషల్ పిల్ల గానీ కనబడితే నా పేరు ముత్ఇబ్ కాదు" అని మా విద్యాధికారి డాక్టర్ ముత్ఇబ్ గారు ప్రకటించినప్పుడు నేను మొదటి వరుసలోనే ఉన్నాను. ఆ వరుసలో కుర్చీలు నా షాపువే. వారి ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా నాకు చిన్న కిరాణా కొట్టుంది. ప్రభుత్వాన్ని ఇంత దగ్గర్నుంచి చూసే భాగ్యం మా ఊరు ఐన్ అల్ లౌజ్‌లో ఇంకెవరికీ లేదు.

డాక్టర్ గారి డాక్టరేటు నేల కోత మీద అని గిట్టనివాళ్లు గొణుగుతుంటారు. మట్టినే చదివేసినవారికి మనుషులొక లెక్కా అని నేను వాళ్లకి సర్దిచెబుతుంటాను.

డిగ్రీలు పట్టుకుని ఇళ్లలో కూర్చున్న ఇరవై ఆరుగురు ఆడపిల్లలు ట్రైనింగులో చేరారు. వాళ్లలో ఘైదా అనే అమ్మాయిది భూగోళ శాస్త్రం. ఈ ఏడు లైసెన్సు రాకపోతే టైర్ల షాపున్న పెదనాన్న కొడుక్కి (మా దగ్గర అది వరసే) ఇచ్చి పెళ్లి చేసేస్తానని వాళ్ల నాన్న తేల్చేశాడు. ఆ పెళ్లికొడుకుని నేను చూశాను. ఘైదా రాత్రింబవళ్లు చదివిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

నాలుగు నెలలు తెర మీద బొమ్మలు చూపించి పాఠాలు చెప్పారు. తర్వాత రూలు అడ్డొచ్చింది. లైసెన్సు కావాలంటే ప్రతి అభ్యర్థీ రాజధాని అమ్మాన్ నుంచి వచ్చే పరీక్షాధికారి ఎదుట, ఒక పని రాని స్పెషల్ పిల్లకి ఆ పని నేర్పి చూపించాలి. పిల్లలేరీ అని స్కూళ్లకి కబురు పెడితే, మా దగ్గర అలాంటివాళ్లు ఒక్కరూ లేరని అన్ని స్కూళ్లూ జవాబిచ్చాయి. నిజమే. లైసెన్సున్న టీచరు లేడని అలాంటివాళ్లని ఎవరూ చేర్చుకోలేదు. సమస్యే లేని జిల్లా మనదని డాక్టర్ గారు ఒక పూట గర్వపడి, మర్నాడు నా షాపుకొచ్చి తల పట్టుకున్నారు.

అప్పుడు జుమానాని కనిపెట్టిన ఘనత నాది. మా వీధి పిల్లే. ఎనిమిదేళ్లు, డౌన్ సిండ్రోమ్. వాళ్లమ్మ ఉమ్మ్ జుమానా ఏటా పిల్లని బడికి తీసుకెళ్లడం, హెడ్‌మిస్ట్రెస్ ఫర్యాల్ మేడమ్ ఏటా "టీచరు రానీవమ్మా" అని సాగనంపడం మా వీధిలో అందరికీ తెలుసు.

"ట్రైనింగ్ అయ్యాక నా పిల్లకి సీటిస్తారా?" అని ఆమె డాక్టర్ గారిని మొహం మీదే అడిగింది.

"మొదటి సీటు తనదే చెల్లెమ్మా" అన్నారు డాక్టర్ గారు.

మర్నాటి నుంచి జుమానాకి ప్రభుత్వ కారు వచ్చేది. నేర్పవలసిన పని బూటు లేసు కట్టడం అని కమిటీ తీర్మానించింది. జత ఎందుకు, ఒక్క బూటు చాలని డాక్టర్ గారు ఖజానాకి సగం ఆదా చేశారు.

ఘైదా ఓపికగా కూర్చుని నేర్పింది. రెండు వారాలకి జుమానా లేసు బిగించి, చెవుల్లా రెండు మడతలు తీసి ముడేసి చప్పట్లు కొట్టింది. ఘైదా ఏడ్చేసింది. నా షాపుకి పరుగెత్తుకొచ్చి రాహా అనే మెత్తటి మిఠాయి, బిస్కెట్లు కొని ఆఫీసంతా పంచింది. బిస్కెట్ల మధ్య రాహా నొక్కుకు తినడమంటే జుమానాకి ప్రాణం.

ఆఫీసు మాత్రం శోకసముద్రంలో మునిగింది. పిల్లకి పని వచ్చేసింది, మిగతా పాతికమంది ఏం నేర్పాలి? అలాంటప్పుడే నాయకత్వం బయటపడుతుంది.

"వచ్చింది రానట్టుండటం నేర్పండి. ఇది అడ్వాన్స్‌డ్ కోర్సు" అన్నారు డాక్టర్ గారు.

పద్ధతి ఇది. బల్లకి అవతల ఆఫీసరు కూర్చుని "కట్టమ్మా" అంటే లేసు అటూ ఇటూ తిప్పి, నిట్టూర్చి, "రాదు మిస్" అనాలి. బల్ల మీద రాహా బిస్కెట్ కనబడ్డాక కట్టాలి. ఇది జుమానాకి రెండు రోజుల్లోనే పట్టుబడింది. నా షాపులో రాహా అమ్మకం అంతగా ఎన్నడూ పెరగలేదు. ప్రభుత్వం విద్యకి ఖర్చు పెట్టదనేవాళ్లు నా దగ్గరికి రావాలి.

పరీక్షాధికారి వచ్చారు. జుమానాకి ఇరవై ఆరు సార్లు లేసు కట్టడం రాలేదు, ఇరవై ఆరు సార్లు వచ్చింది. ప్రతిసారీ జడకి రిబ్బను రంగు మార్చారు. ఒకసారి లేసు విసిరికొట్టింది. ఒకసారి కన్నీరు కూడా పెట్టుకుంది, అది ఎవరూ నేర్పలేదు. టీ అందించడానికి వెళ్లి నేను కళ్లారా చూశాను.

"ఈ పిల్ల ఇందాక వచ్చిన పిల్ల కాదు కదా?" అని ఆయనొకసారి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"వీళ్లందరిదీ ఒకే పోలిక సార్" అన్నారు డాక్టర్ గారు.

ఆయన తలూపారు. ఈ జిల్లా పిల్లలంత చురుకైనవాళ్లని దేశంలో ఎక్కడా చూడలేదని వెళ్తూ వెళ్తూ మెచ్చుకున్నారు.

అందరికీ లైసెన్సులొచ్చాయి. మొదటి ర్యాంకు ఘైదాది. ఫర్యాల్ మేడమ్ బడిలో స్పెషల్ క్లాసు తెరిచి, రిబ్బను కోసి, ఘైదాని టీచరుగా వేశారు. ఆమె లైసెన్సుని అద్దం కట్టించి గోడకి తగిలించారు. ఇక పిల్ల చేరడమే తరువాయి. దానికి చిన్న ప్రవేశ పరీక్ష. సొంతంగా ఒక్క పని చేసుకోగలిగితే చాలు.

ఉమ్మ్ జుమానా నవ్వేసింది. భర్త లారీతో అకబా రేవులో ఉన్నాడని నన్ను తోడు రమ్మంది. జుమానా కొత్త గౌను వేసుకుంది. డాక్టర్ గారు స్వయంగా ఆ చరిత్రాత్మక బూటుని తెచ్చారు.

బల్లకి అవతల కూర్చుని ఫర్యాల్ మేడమ్ బూటు ముందుకు తోసింది. "కట్టమ్మా."

జుమానా లేసు అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. నిట్టూర్చింది. "రాదు మిస్" అని, బల్ల మీద వెతుక్కుంది. అంత బాగా పరీక్షల్లో కూడా చెయ్యలేదు.

"వచ్చు మేడమ్! పొద్దున నా బూట్లు కూడా అదే కట్టింది" అంది తల్లి. "ఒక్క రాహా బల్ల మీద పెట్టి చూడండి."

"లంచం పెడితే గానీ పని చెయ్యని పిల్లకి ఆఫీసులో సీటివ్వాలి గానీ, బళ్లో కాదు" అంది మేడమ్.

తల్లి ఘైదా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నువ్వే కదా నేర్పావు."

ఘైదా లేచింది. "తను నటిస్తోంది మేడమ్" అంది మెల్లగా.

"ఎనిమిదేళ్ల పిల్లకి నటన ఎవరు నేర్పారు?"

డాక్టర్ గారు దగ్గారు. ఘైదా గోడ మీది లైసెన్సుని చూసింది, డాక్టర్ గారిని చూసింది, నేల చూసింది. "ఏమో మేడమ్" అని కూర్చుంది. ఘైదాని తిట్టాలనిపించింది. టైర్ల షాపువాడు గుర్తొచ్చి తిట్టలేకపోయాను.

అప్లికేషన్ మీద ఎర్ర సిరా పడింది. పిల్ల లేకపోయినా క్లాసు నడుస్తుందనీ, జీతం ఆగదనీ డాక్టర్ గారు ఘైదాకి హామీ ఇచ్చారు. బయటికొచ్చాక ఉమ్మ్ జుమానానీ వదల్లేదు.

"దిగులు పడకు చెల్లెమ్మా. వారం మొదట్లోనే, ఆదివారం రెండో బ్యాచ్ మొదలు. ఎనిమిదింటికి కారొస్తుంది. ఇలాంటి పిల్ల మాకు మళ్లీ దొరకదు."

ఆమె మెట్ల మీద కూలబడి ముసుగు కొంగుతో మొహం కప్పుకుంది. నేను పక్కనే నిలబడ్డాను.

జుమానా నా కాళ్ల వంక చూసింది. నా ఎడమ బూటు లేసు ఊడిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, రెండు చెవులు తీసి, గట్టిగా బిగించి ముడేసింది. లేచి నా ముందు చెయ్యి చాపింది.

జేబులు వెతికాను, లేదు. షాపుకెళ్లినా ఉండదు. రాహా ఉన్నదంతా డాక్టర్ గారు పొద్దున్నే రెండో బ్యాచ్ కోసం పట్టుకెళ్లారు.