లింకర్లు లేని కేంద్రకం

పైడితల్లి ఒక ఏకకణ జీవి కేంద్రకంలో లింకర్ ప్రొటీనుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆ జీవి ఉండేది బస్టాండు వెనక నిలిచిపోయిన వాననీటిలో. పైడితల్లి కాపురమూ ఆ జీవిలోనే, కేంద్రకం గోడకి ఆనుకుని అద్దెగది. కూతుర్ని అక్కడ పడుకోబెట్టి డ్యూటీకి వస్తుంది.

పని పెద్ద కష్టమేమీ కాదు, కాకపోతే వదలకూడదు. కేంద్రకంలో డీఎన్ఏ దారాన్ని కండెలకి చుట్టి ఉంచుతారు. కండెల్లో కూర్చునే హిస్టోన్లు పర్మినెంటు ఉద్యోగులు. దారం కండె ఎక్కేచోటు, దిగేచోటు కలిపి బిగించి పట్టుకునేది లింకర్లు. పక్కామె వచ్చి చెయ్యి వేశాకే తన చెయ్యి తియ్యాలని వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. మంచినీళ్ళకి వెళ్ళాలన్నా అంతే.

ఒక సోమవారం పైఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. లింకర్లు లేకుండా జీవి బతుకుతుందేమో పరీక్షించాలి. బతికితే పోస్టులు రద్దు. చస్తే లింకర్లందరినీ పర్మినెంటు చేస్తారు.

"చచ్చాక ఎవర్ని చేస్తారు సార్?" అని పక్క కండె దగ్గరుండే గౌరమ్మ అడిగింది.

"అది తర్వాతి ఉత్తర్వులో వస్తుందమ్మా," అన్నాడు సూపరింటెండెంటు దాలినాయుడు.

పరీక్షకి పైఆఫీసు నుంచి వచ్చిన తనిఖీ అధికారి గంట కొట్టగానే లింకర్లందరూ చేతులు తీసేశారు. ముందు ఏమీ కాలేదు. తర్వాత కండెలు ఒకదానికొకటి దూరం జరిగాయి. బిగిసి ఉండాల్సిన దారం వదులవుతూ పోయింది. కేంద్రకం ఉబ్బింది. అధికారి టేపు పెట్టి కొలిచి, "విస్తరణ బాగుంది," అన్నాడు. గోడ పలచబడి, అవతల తన గది తలుపు మసకగా కనిపించింది పైడితల్లికి. గోడ ఒకచోట చిట్లింది.

"ముట్టుకోకే," అంది గౌరమ్మ గొంతు తగ్గించి. "కాసేపు ఓర్చుకో. పర్మినెంటు అయిపోతాం."

"పిల్ల నిద్దర్లో ఉందే."

పైడితల్లి దారం పట్టుకుంది. ఆమెని చూసి అవతలామె పట్టుకుంది, ఆమెని చూసి ఇంకొకామె. ఆఖరికి తిట్టుకుంటూ గౌరమ్మా పట్టుకుంది. చిట్లడం ఆగింది.

జీవి బతికే ఉందని అధికారి నిర్ధారించాడు.

"మేం పట్టుకుంటేనే కదా సార్ బతికింది," అంది గౌరమ్మ.

"పోస్టులే లేవు కదమ్మా. చేతులెక్కడివి?" అన్నాడాయన, టేపు చుట్టుకుంటూ.

మర్నాటి నుంచి జీతం లేదు. ఉద్యోగులు కారు కాబట్టి లింకర్లు గేటు దగ్గర సందర్శకుల పాసు తీసుకుని లోపలికి వస్తున్నారు. పాసు సాయంత్రం దాకే చెల్లుతుంది గనక, రాత్రి పట్టుకోవాల్సినవాళ్ళు ఇంకోసారి లైన్లో నిలబడతారు. ఎవరూ మానలేదు. మానేసి ఎక్కడికి పోతారు?

కొన్నాళ్ళకి మిగతా జీవుల అధికారులు ఈ ఆదర్శ కేంద్రకాన్ని చూడ్డానికి వచ్చారు. దాలినాయుడు వాళ్ళకి అంతా తిప్పి చూపిస్తూ పైడితల్లి దగ్గర ఆగాడు.

"కొంచెం కండె చాటుకి జరుగమ్మా. ఫొటోలో పడుతున్నావు."

పైడితల్లి, దారం వదలకుండా, జరిగింది.